మందు పడితే క్యాండిడా ఏ జన్యువులను తట్టి లేపుతుంది: ఫ్లూకోనజోల్ ప్రయోగం, ఫ్లాస్కు నుంచి లెక్క దాకా

ఫ్లూకోనజోల్ అనే మందు క్యాండిడా అల్బికన్స్ అనే శిలీంధ్రాన్ని చంపదు, పెరగకుండా ఆపుతుంది. ఈ ప్రయోగంలోని చిక్కంతా అక్కడే ఉంది. కణం బతికే ఉంటుంది. లోపల ఏదో తక్కువవుతోందని పసిగట్టి కొన్ని జన్యువుల పని పెంచుతుంది, కొన్నిటిది తగ్గిస్తుంది. అదే సమయంలో పెరుగుదల మందగిస్తుంది కాబట్టి, ఆ కారణంగా మరికొన్ని వందల జన్యువులు మారతాయి. మొదటిది మందుకు కణం ఇచ్చిన జవాబు. రెండోది తిండి తగ్గినా వచ్చే మార్పే. ఈ రెంటినీ విడదీయగలిగితేనే చివర్లో చేతికొచ్చే అంకెకు విలువ. చివర్లో జన్యువుల పని కొలిచే పీసీఆర్ యంత్రం ఆ పని చేసిపెట్టదు, అది ఫ్లాస్కుల దగ్గరే జరగాలి.

మైక్రోబయాలజీ ఎమ్మెస్సీ, పీహెచ్‌డీ విద్యార్థులకు, మెడికల్ కాలేజీ ల్యాబుల్లో పనిచేసేవారికి పనికొచ్చేలా ఇది రాశాం. క్యాండిడా అల్బికన్స్ బయోసేఫ్టీ రెండో స్థాయి జీవి. ఓపెన్ బెంచి మీద వోర్టెక్స్ చేయకండి. వాడిన ప్రతి ఫ్లాస్కూ ఆటోక్లేవ్‌కే వెళ్ళాలి.

ఏం వెతుకుతున్నామో ముందు తెలియాలి

మన కణత్వచానికి కొలెస్టరాల్ ఎలాగో శిలీంధ్రానికి ఎర్గోస్టెరాల్ అలాగ. దాన్ని తయారుచేసే వరుసలో ఒక ఎంజైమును, లానోస్టెరాల్ 14-ఆల్ఫా డీమిథైలేజ్‌ను, ఫ్లూకోనజోల్ పట్టి ఆపుతుంది. ఆ ఎంజైముకు జన్యువు ఈఆర్‌జీ11. ఎర్గోస్టెరాల్ తగ్గడంతో యూపీసీ2 అనే ట్రాన్‌స్క్రిప్షన్ ఫ్యాక్టర్ (జన్యువుల పనిని నడిపే ప్రోటీన్) చురుకై ఈఆర్‌జీ11నూ, ఆ వరుసలోని మిగతా ఈఆర్‌జీ జన్యువులనూ పెంచుతుంది. ఎంజైమును మందు కట్టేస్తుంటే కణం ఇంకా ఎక్కువ ఎంజైము తయారుచేసి నెట్టుకొస్తుందన్నమాట.

మందును బయటికి తోసే పంపులు వేరే కథ. సీడీఆర్1, సీడీఆర్2 అనే రెండు పంపులను టీఏసీ1 నడిపిస్తుంది. ఎండీఆర్1 అనే మరో పంపును ఎమ్‌ఆర్‌ఆర్1 నడిపిస్తుంది. మామూలు స్ట్రెయిన్‌లో ఎండీఆర్1 దాదాపు నిద్రలోనే ఉంటుంది. టీఏసీ1లోనో ఎమ్‌ఆర్‌ఆర్1లోనో వాటిని ఎప్పుడూ చురుగ్గా ఉంచే మ్యుటేషన్ వస్తే, మందు ఉన్నా లేకపోయినా ఆ పంపులు పనిచేస్తూనే ఉంటాయి.

కాబట్టి ఒక రోగి నుంచి వచ్చిన స్ట్రెయిన్‌లో సీడీఆర్1 ఎక్కువగా కనిపించిందంటే రెండు అర్థాలు ఉండొచ్చు. మందు తగిలినందుకు ఇప్పుడు పెరిగి ఉండాలి, లేదా మ్యుటేషన్ వల్ల ఎప్పుడూ అలాగే ఉండి ఉండాలి. ఒక్క ఫ్లాస్కుతో ఇది తేలదు. కనీసం నాలుగు కావాలి: మందుకు లొంగే స్ట్రెయిన్ మందుతో ఒకటి, మందు లేకుండా ఒకటి, లొంగని స్ట్రెయిన్ మందుతో ఒకటి, మందు లేకుండా ఒకటి. లొంగే స్ట్రెయిన్‌గా ఎస్‌సీ5314 మంచిది. దాని జీనోమ్ మొత్తం చదివి ఉంది, క్యాండిడా జీనోమ్ డేటాబేస్‌లో ఉచితంగా దొరుకుతుంది. వీలైతే లొంగని స్ట్రెయిన్‌కు జతగా అదే రోగి దగ్గర చికిత్సకు ముందు తీసిన స్ట్రెయిన్ వాడండి. వేర్వేరు రోగుల స్ట్రెయిన్ల మధ్య మందుతో సంబంధం లేని తేడాలే బోలెడన్ని ఉంటాయి.

మందు తూకం, ఎంఐసీ

మందుల షాపులో దొరికే మాత్ర నూరి వాడకండి. అందులో పిండిపదార్థాలు, రంగులు ఉంటాయి, అసలు మందు ఎంతుందో తేలదు. సర్టిఫికెట్‌తో వచ్చే శుద్ధమైన పొడి కొనండి. సర్టిఫికెట్ మీద పొటెన్సీ ఉంటుంది. అది మి.గ్రా.కు 980 మైక్రోగ్రాములైతే, మి.లీ.కు 10 మి.గ్రా. చొప్పున 10 మి.లీ. స్టాకు చేయడానికి 100 కాదు, 102 మి.గ్రా. తూచాలి. డీఎంఎస్‌ఓలో కరిగించి, చిన్న ట్యూబుల్లో పంచి మైనస్ 80లో పెట్టండి. ఒకసారి కరిగించిన ట్యూబును మళ్ళీ గడ్డకట్టించొద్దు.

ఎంఐసీ, అంటే పెరుగుదలను ఆపడానికి చాలిన కనీస మందు మోతాదు, సీఎల్‌ఎస్‌ఐ సంస్థ ఎం27 పద్ధతిలో చూడండి. మాప్స్ బఫర్‌తో పీహెచ్ 7.0కి తెచ్చిన ఆర్‌పీఎంఐ 1640, ప్లేటులోని ఒక్కో బావికి (చిన్న గుంటకు) చివరగా మి.లీ.కు 500 నుంచి 2,500 కణాలు, 35 డిగ్రీలు, 24 గంటలు. మందు లేని బావితో పోలిస్తే పెరుగుదల సగానికి తగ్గిన మొదటి బావే ఎంఐసీ. పూర్తిగా తేటపడే బావి కోసం చూడకండి. చాలా అల్బికన్స్ స్ట్రెయిన్లు ఎంత మందు పోసినా పలచగా పెరుగుతూనే ఉంటాయి, దాన్ని ట్రెయిలింగ్ అంటారు. దాన్ని రెసిస్టెన్స్ అనుకుని ప్రయోగం మొదలుపెడితే, లొంగే స్ట్రెయిన్‌నే లొంగనిదిగా పట్టుకుని ఆర్నెల్లు తిరుగుతారు. అల్బికన్స్‌కు మి.లీ.కు 2 మైక్రోగ్రాములు, అంతకన్నా తక్కువైతే లొంగేది. 4 అయితే డోసును బట్టి. 8, ఆపైన అయితే లొంగనిది. ప్రతి ప్లేటులో క్యాండిడా పారాసైలోసిస్ ఏటీసీసీ 22019 తప్పకుండా పెట్టండి. దాని విలువ ప్రకటించిన హద్దుల్లో లేకపోతే ఆ ప్లేటు మొత్తం పారేయండి.

ఎంత మందు, ఎంతసేపు

ఎక్కువ ప్రయోగాలు దెబ్బతినేది ఇక్కడే. ఎంఐసీ చూసినప్పుడు మి.లీ.కు వెయ్యి, రెండు వేల కణాలు. ఇప్పుడు ఫ్లాస్కులో ఉండేది మి.లీ.కు కొన్ని లక్షల నుంచి కోటి దాకా. అంతమందికి అదే మందు పంచితే చాలకపోవచ్చు. పైగా ఫ్లూకోనజోల్ పని నిదానంగా మొదలవుతుంది. ఎంజైము ఆగినా, అప్పటికే త్వచంలో ఉన్న ఎర్గోస్టెరాల్ ఎక్కడికీ పోదు. కణం విభజన చెందినకొద్దీ అది పిల్లకణాలకు పంచుకుపోయి పలచబడాలి. అందుకే 15 నిమిషాల్లో తీసిన శాంపిల్లో ఈఆర్‌జీ11 కదలకపోతే ఆశ్చర్యపోనక్కర్లేదు.

ముందు ఒక రోజు చిన్న పరీక్షకు కేటాయించండి. 100 మి.లీ. ఫ్లాస్కుల్లో 20 మి.లీ. చొప్పున కల్చర్ పోసి, మందు లేకుండా ఒకటి, ఎంఐసీకి పావు, సగం, ఒకటి, రెండు, నాలుగు రెట్లలో ఒక్కొక్కటి పెట్టండి. గంటకోసారి 600 నానోమీటర్ల దగ్గర ఓడీ (కల్చర్ ఎంత చిక్కబడిందో చెప్పే కాంతి కొలత), ఆరు గంటల పాటు. చివర్లో పలచన చేసి ప్లేట్ల మీద పరిచి కాలనీలు లెక్కపెట్టండి. పెరుగుదల పావు వంతు నుంచి సగం దాకా తగ్గి, కణాలు మాత్రం బతికే ఉన్న డోసే మీకు కావాల్సింది. కణాలు చచ్చిపోతున్న డోసు తీసుకుంటే మీరు కొలిచేది జవాబు కాదు, కుళ్ళిపోతున్న ఆర్‌ఎన్‌ఏ.

శాంపిల్ సమయాలు: సున్నా, 30 నిమిషాలు, గంటన్నర, 3 గంటలు. ఒకటే తీయగలిగితే 3 గంటలది తీయండి. ఇది ఫ్లూకోనజోల్ లెక్క. క్యాస్పోఫంగిన్ అనే మరో శిలీంధ్ర మందు అయితే కణకవచం మీదే దెబ్బ కాబట్టి 15 నుంచి 60 నిమిషాల్లోనే జవాబు మొదలవుతుంది. యాంఫోటెరిసిన్ బీ వేగంగా చంపుతుంది. దానికి ఎంఐసీ కన్నా తక్కువ డోసు, అరగంట మించని సమయం తీసుకోండి.

లొంగే స్ట్రెయిన్‌కూ లొంగనిదానికీ ఒకే మైక్రోగ్రాములు ఇవ్వాలా, ఎవరి ఎంఐసీకి తగ్గట్టు వారికి ఇవ్వాలా? ఇవి రెండు వేర్వేరు ప్రశ్నలు. ఒకే మైక్రోగ్రాములు ఇస్తే, ఒకే రక్తంలో ఒకే మందును రెండూ ఎలా ఎదుర్కొంటాయో తెలుస్తుంది. ఎంఐసీ చొప్పున ఇస్తే, ఒకే స్థాయి బాధకు రెండూ ఎలా స్పందిస్తాయో తెలుస్తుంది. మా ఓటు రెండోదానికి. మొదటి పద్ధతిలో లొంగని స్ట్రెయిన్‌కు మందు తగిలినట్టే ఉండదు. అప్పుడు ఈఆర్‌జీ11 పెరగలేదని రాయడం తప్పుదోవ పట్టించడమే.

కల్చర్, కంట్రోల్

మైనస్ 80 గ్లిసరాల్ స్టాకు నుంచి సాబురో డెక్స్‌ట్రోజ్ అగార్ మీద గీయండి. మందు లేని ప్లేట్ల మీద రెండుసార్లు మార్చాక ఒక్క కాలనీ తీసి వైపీడీలో వేయండి. వైపీడీ అంటే ఈస్ట్ ఎక్స్‌ట్రాక్ట్ 1 శాతం, పెప్టోన్ 2 శాతం, గ్లూకోజ్ 2 శాతం. 30 డిగ్రీలు, నిమిషానికి 200 చుట్లు, రాత్రంతా. పొద్దున్నే కొత్త వైపీడీ 120 మి.లీ.లో ఓడీ 0.05 దగ్గర మొదలుపెట్టి 0.2 వచ్చేదాకా పెంచండి. ఫ్లాస్కులో ఐదో వంతుకు మించి నింపకండి, గాలి చాలకపోతే ఎర్గోస్టెరాల్ తయారీ దానంతటదే కుంటుపడుతుంది. ఆ తయారీకి ఆక్సిజన్ కావాలి. మందు వేయకుండానే ఈఆర్‌జీ జన్యువులు పెరిగిన కంట్రోల్ ఫ్లాస్కుకు చాలాసార్లు కారణం ఇదే.

ఓడీ 0.2 రాగానే ఆ ఒక్క కల్చర్‌నే రెండు 250 మి.లీ. ఫ్లాస్కుల్లోకి 50, 50 పంచండి. మందు ఫ్లాస్కూ, కంట్రోలూ వేర్వేరు కాలనీల నుంచి పెంచడం పెద్ద తప్పు. ఒకటి కాస్త ముందు, ఒకటి కాస్త వెనక పెరిగి ఉంటాయి, ఆ తేడా మందు ఖాతాలో పడుతుంది. మి.లీ.కు 8 మైక్రోగ్రాములు కావాలంటే 50 మి.లీ.కి 400 మైక్రోగ్రాములు, అంటే 10 మి.గ్రా. స్టాకు 40 మైక్రోలీటర్లు. కంట్రోల్‌లో ఉత్త డీఎంఎస్‌ఓ అదే 40 మైక్రోలీటర్లు పోయాలి, అప్పుడు రెంటిలోనూ అది 0.08 శాతం అవుతుంది. కంట్రోల్‌లో నీళ్ళు పోస్తే అది కంట్రోలే కాదు.

పెరుగుదల మందగించడం వల్ల వచ్చే మార్పును విడదీయడానికి మూడో ఫ్లాస్కు ఒకటి పెడితే ప్రయోగం విలువే మారిపోతుంది. వేరే దారిలో పనిచేసే మందుతో, ఉదాహరణకు 5-ఫ్లూసైటోసిన్‌తో, పెరుగుదలను సరిగ్గా అంతే తగ్గించండి. రెండు మందులకూ మారిన జన్యువులు చాలావరకు మందగింపువి. రైబోజోమ్ ప్రోటీన్ల జన్యువులు ఎక్కువగా ఇక్కడే తేలతాయి. ఫ్లూకోనజోల్‌కే మారినవి మీరు వెతికేవి. ఒక హెచ్చరిక: వైపీడీలో 5-ఫ్లూసైటోసిన్ సరిగా పనిచేయదు. ఈస్ట్ ఎక్స్‌ట్రాక్ట్‌లోని పదార్థాలు దానికి అడ్డుపడతాయి. ఈ ఫ్లాస్కు పెట్టేట్టయితే అన్ని ఫ్లాస్కులకూ ఈస్ట్ నైట్రోజన్ బేస్, గ్లూకోజ్ మీడియం వాడండి.

ఆర్‌పీఎంఐలో 37 డిగ్రీల దగ్గర చేయాలనిపించొచ్చు, రోగి ఒంట్లో పరిస్థితికి దగ్గర కాబట్టి. కానీ అక్కడ అల్బికన్స్ గుండ్రంగా ఉండకుండా పొడవాటి దారాలు సాగిస్తుంది. హెచ్‌డబ్ల్యూపీ1, ఈసీఈ1 లాంటి దారపు జన్యువులు విపరీతంగా లేస్తాయి, కణాలు గుత్తులు కట్టి ఓడీ అబద్ధం చెబుతుంది. ఏ మీడియంలో చేసినా, కోసే ముందు (కణాలను మీడియం నుంచి వేరుచేసి తీసే ముందు) ప్రతి ఫ్లాస్కు నుంచి ఒక చుక్క తీసి మైక్రోస్కోప్ కింద చూసి, దారాలు ఎంత శాతం ఉన్నాయో నోట్‌బుక్‌లో రాయండి.

కోత

ఎమ్‌ఆర్‌ఎన్‌ఏ ఆయుష్షు నిమిషాల్లో ఉంటుంది. ఫ్లాస్కును బెంచి మీద పెట్టి ఫోన్ మాట్లాడి వచ్చేసరికి కణం ఆ మార్పుకు కూడా జవాబు ఇచ్చేసి ఉంటుంది. ప్రతి శాంపిల్‌కూ 10 ఓడీ యూనిట్లు తీసుకోండి. కంట్రోల్ ఓడీ 0.8 అయితే 12.5 మి.లీ., మందుది 0.5 అయితే 20 మి.లీ. వాక్యూమ్ ఫిల్టర్ ఉంటే అదే మేలు. లేకపోతే 4 డిగ్రీల సెంట్రిఫ్యూజ్‌లో 3,000 జీ దగ్గర 2 నిమిషాలు. పైనీరు ఒంపేసి, పెల్లెట్‌ను ట్యూబుతో సహా ద్రవ నైట్రోజన్‌లో ముంచండి. షేకర్ నుంచి నైట్రోజన్ దాకా పట్టిన సమయం అన్ని శాంపిళ్ళకూ ఒకటే ఉండాలి, గడియారం పెట్టుకోండి. పెల్లెట్‌ను ఫాస్ఫేట్ బఫర్‌తో మూడుసార్లు కడగడం అలవాటైన వాళ్ళు ఇక్కడ దాన్ని మానుకోవాలి.

ఆర్‌ఎన్‌ఏ తీయడం

క్యాండిడా కణకవచం గ్లూకాన్, మానన్, కైటిన్ కలిసిన గట్టి గోడ. ట్రైజాల్ (ఆర్‌ఎన్‌ఏ తీసే ద్రావణం) పోసి పిపెట్‌తో పైకీ కిందికీ ఆడిస్తే పగలదు. జైమోలేజ్ లాంటి ఎంజైముతో కరిగించే పద్ధతి డీఎన్‌ఏకు సరే. ఆర్‌ఎన్‌ఏకు వద్దు. 30 డిగ్రీల దగ్గర అరగంట పాటు బతికున్న కణం గోడను ఒలుస్తున్నారు, దానికి కణం స్పందించకుండా ఉండదు. క్యాస్పోఫంగిన్ ప్రయోగంలో ఇలా చేస్తే ఫలితం పూర్తిగా పాడైనట్టే.

గడ్డకట్టిన పెల్లెట్ మీద 1 మి.లీ. ట్రైజాల్, యాసిడ్‌తో కడిగిన 0.5 మి.మీ. గాజు లేదా జిర్కోనియా పూసలు సుమారు 250 మైక్రోలీటర్లు. బీడ్ బీటర్‌లో 30 సెకన్లు, ఐసులో ఒక నిమిషం, ఇలా ఆరుసార్లు. వేసవిలో ఐసు విరామం తగ్గించారంటే ట్యూబు చేతికి వెచ్చగా తగులుతుంది, లోపల ఆర్‌ఎన్‌ఏ ముక్కలవుతుంది. మూడో విడత తర్వాత, ఆరో విడత తర్వాత ఒక్కో చుక్క స్లైడు మీద చూడండి. పగలని కణం మెరుస్తూ నిండుగా కనిపిస్తుంది, పగిలింది బూడిదరంగు ఖాళీ సంచిలా ఉంటుంది. పదిలో ఎనిమిది సంచులు కావాలి. మందు తిన్న కణాలు, కంట్రోల్ కణాలు ఒకే తేలికతో పగలవు. ఒకదానిలో సగమే పగిలితే ఆ సగం అందరికీ ప్రతినిధి కాదు.

క్లోరోఫాం 0.2 మి.లీ. వేసి 15 సెకన్లు గట్టిగా ఊపి, 3 నిమిషాలు నిలిపి, 12,000 జీ దగ్గర 4 డిగ్రీల్లో 15 నిమిషాలు తిప్పండి. కింద గులాబీ రంగు, మధ్యలో తెల్లని పొర, పైన తేటనీరు. ఆ తేటనీరులో 400 మైక్రోలీటర్లు మాత్రమే తీసుకోండి. మిగిలిన కాస్త కోసం ఆశపడి పిపెట్ కొన తెల్లపొరకు తగిలిస్తే జీనోమ్ డీఎన్‌ఏ, గోడ చక్కెరలు రెండూ వెంట వస్తాయి. ఐసోప్రొపనాల్ 0.5 మి.లీ. వేయండి. క్యాండిడాకు మాత్రం 0.25 మి.లీ. ఐసోప్రొపనాల్, 0.25 మి.లీ. గాఢ ఉప్పు ద్రావణం వేయడం మేలు. ఆ ద్రావణంలో సోడియం సిట్రేట్ 0.8 మోలార్, సోడియం క్లోరైడ్ 1.2 మోలార్ ఉండాలి. దానితో చక్కెరలు నీళ్ళలోనే ఉండిపోతాయి, ఆర్‌ఎన్‌ఏ కిందికి దిగుతుంది. 10 నిమిషాలు నిలిపి, 12,000 జీ దగ్గర 10 నిమిషాలు తిప్పి, 75 శాతం ఇథనాల్‌తో కడిగి, 5 నుంచి 10 నిమిషాలు ఆరబెట్టి, ఆర్‌ఎన్‌ఏజ్ లేని 50 మైక్రోలీటర్ల నీళ్ళలో కరిగించండి. మే నెలలో ఏసీ లేని గదిలో 5 నిమిషాలే ఎక్కువ. పెల్లెట్ పూర్తిగా ఎండి గాజుపెంకులా అయితే ఇక కరగదు.

పెల్లెట్ గంజి జిగురులా ఊగుతూ కనిపించిందంటే అది ఆర్‌ఎన్‌ఏ ఎక్కువ రావడం కాదు, చక్కెర. 260/280 నిష్పత్తి 2.0 చూపిస్తుంది, 260/230 మాత్రం 1 కూడా దాటదు. అలాంటిది పీసీఆర్‌లోకి పోతే ఎంజైము కుంటుపడి ఆ శాంపిల్లో జన్యువులన్నీ తక్కువగా కనిపిస్తాయి. లిథియం క్లోరైడ్ చివరగా 2.5 మోలార్ అయ్యేలా కలిపి, మైనస్ 20లో అరగంట పెట్టి మళ్ళీ దించండి. ఆ తర్వాత అగరోజ్ జెల్ మీద 25ఎస్, 18ఎస్ పట్టీలు రెండూ పదునుగా రావాలి, 25ఎస్ ఇంకాస్త మెరవాలి. కింద పొగలా పరుచుకుంటే ఆ శాంపిల్‌తో ముందుకు వెళ్ళకండి.

డీఎన్‌ఏ వదిలించడం

క్యాండిడా జన్యువుల్లో ఎక్కువవాటికి ఇంట్రాన్ (ఎమ్‌ఆర్‌ఎన్‌ఏలో కత్తిరించిపోయే ముక్క) లేదు. మనిషి జన్యువుల్లోలా ప్రైమర్లను ఇంట్రాన్‌కు అటూ ఇటూ పెట్టి డీఎన్‌ఏను తప్పించుకునే వీలు ఇక్కడ చాలావరకు ఉండదు. మైక్రోగ్రాముకు ఒక యూనిట్ డీఎన్‌ఏజ్, 37 డిగ్రీలు, అరగంట. తర్వాత కాలమ్‌తో శుభ్రం చేయండి. ప్రతి శాంపిల్‌కూ రివర్స్ ట్రాన్‌స్క్రిప్టేజ్ (ఆర్‌ఎన్‌ఏను సీడీఎన్‌ఏ అనే డీఎన్‌ఏ నకలుగా మార్చే ఎంజైము) వేయని జంట ట్యూబు ఉండాలి. దాని సీటీ (పీసీఆర్‌లో సిగ్నల్ కనిపించే సైకిల్ అంకె) అసలు ట్యూబు కన్నా కనీసం 7 సైకిళ్ళు వెనక రావాలి, అంటే కల్తీ 128లో ఒక వంతు లోపే. తేడా 3 సైకిళ్ళే అయితే మీ సిగ్నల్‌లో ఎనిమిదో వంతు డీఎన్‌ఏ. ఎండీఆర్1 లాంటి నిద్రపోయే జన్యువుకు అసలు సిగ్నలే తక్కువ కాబట్టి దెబ్బ ముందు దానికే తగులుతుంది.

సీడీఎన్‌ఏ, ప్రైమర్లు, రెఫరెన్స్ జన్యువు

అన్ని శాంపిళ్ళకూ ఒకే మొత్తం, 20 మైక్రోలీటర్లకు 1 మైక్రోగ్రామ్ ఆర్‌ఎన్‌ఏ. ఓలిగో డీటీ, ర్యాండమ్ హెక్సామర్లు కలిపి వాడండి. తయారైన సీడీఎన్‌ఏను పది రెట్లు పలచన చేయండి.

ప్రైమర్ల మధ్య ముక్క 80 నుంచి 150 బేసులు ఉండాలి. అల్బికన్స్ డిప్లాయిడ్, ప్రతి జన్యువుకూ ఏ, బీ అని రెండు అల్లీళ్ళు (ప్రతులు) ఉంటాయి, అవి అచ్చంగా ఒకటి కాకపోవచ్చు. రెంటితోనూ ప్రైమర్ సరిపోల్చండి. సీడీఆర్1, సీడీఆర్2 ప్రోటీన్లు 84 శాతం ఒకటే. ప్రైమర్ 3 ప్రైమ్ కొన తేడా ఉన్న చోట పడకపోతే, రెండు పంపులూ కలిపి కొలుస్తూ ఒక్కదాని పేరు రాస్తారు. రోగుల స్ట్రెయిన్లలో ఈఆర్‌జీ11 నిండా చిన్నచిన్న తేడాలుంటాయి. ప్రైమర్ వాటి మీద పడితే జన్యువు తగ్గినట్టు కనిపిస్తుంది. ఆ చోటు సీక్వెన్స్ చేసి చూశాకే నమ్మండి. ప్రతి ప్రైమర్ జతకూ ఐదు పలచనలతో స్టాండర్డ్ కర్వ్ గీయండి. వాలు మైనస్ 3.1కీ మైనస్ 3.6కీ మధ్య ఉండాలి, మైనస్ 3.32 అంటే సరిగ్గా రెట్టింపు.

రెఫరెన్స్‌గా, అంటే మారదని నమ్మి మిగతావాటిని పోల్చే జన్యువుగా, యాక్టిన్ జన్యువు ఏసీటీ1 ఒక్కటే వాడి ప్రచురించినవి చాలా ఉన్నాయి. అలా చేయొద్దనే మా సలహా. కారణం లెక్కలోనే ఉంది. మందు వల్ల ఏసీటీ1 సీటీ ఒక్క సైకిల్ వెనక్కి జరిగితే, మీరు చూసే ప్రతి జన్యువూ రెట్టింపు పెరిగినట్టు కనిపిస్తుంది. గ్లైకాలసిస్ జన్యువు టీడీహెచ్3 పెరుగుదల మారితే తానూ మారుతుంది. 18ఎస్ మరీ ఎక్కువగా ఉంటుంది, పైగా మందగించిన కణంలో దానికీ ఎమ్‌ఆర్‌ఎన్‌ఏకూ నిష్పత్తి మారుతుంది. ఏసీటీ1, పీఎంఏ1, ఆర్‌ఐపీ1, ఎల్‌ఎస్‌సీ2లను మీ మందు, మీ సమయాల్లోనే పరీక్షించి, కదలని రెండు మూడింటి సగటు తీసుకోండి.

పంపులు లేవకపోతే తప్పు ప్రైమర్లదా, కణానిదా అని తేల్చడానికి పాజిటివ్ కంట్రోల్ ఉంది. ఫ్లూఫెనజిన్ మి.లీ.కు 10 మైక్రోగ్రాములు, 20 నిమిషాలు ఇస్తే మామూలు స్ట్రెయిన్‌లో కూడా సీడీఆర్1, సీడీఆర్2 లేస్తాయి. ఎండీఆర్1ను లేపడానికి బెనోమిల్ వాడతారు.

లెక్క

లెక్క చూపడానికి కొన్ని అంకెలు తీసుకుందాం. కంట్రోల్‌లో ఈఆర్‌జీ11 సీటీ 22.4, రెఫరెన్స్ సగటు 19.1, తేడా 3.3. మందు ఫ్లాస్కులో 20.3, 19.3, తేడా 1.0. రెండు తేడాల మధ్య తేడా మైనస్ 2.3. రెండును 2.3 ఘాతానికి ఎత్తితే సుమారు 4.9, అంటే దాదాపు ఐదు రెట్లు. ప్రైమర్ల సామర్థ్యం వంద శాతానికి దూరంగా ఉంటే రెండుకు బదులు అసలు సామర్థ్యం వేసే ఫాఫల్ సూత్రం వాడండి.

గణాంక పరీక్ష సీటీ తేడాల మీద చేయాలి, రెట్ల మీద కాదు. ఒకే సీడీఎన్‌ఏను మూడు బావుల్లో పోస్తే అది మూడు ప్రయోగాలు కాదు, పిపెట్ ఎంత నిలకడగా ఉందో చెప్పే కొలత అంతే. వేర్వేరు రోజుల్లో, వేర్వేరు కాలనీలతో, కనీసం మూడుసార్లు కల్చర్ నుంచి మొదలుపెట్టాలి. ఎండీఆర్1 కంట్రోల్‌లో 34వ సైకిల్ దగ్గర వస్తే, దాని మీద లెక్కగట్టిన 100 రెట్లు 40 కావచ్చు, 300 కావచ్చు. పెరిగిందని రాయండి, అంకెను పట్టుకుని వాదించకండి.

మొత్తం జన్యువులు ఒకేసారి చూడాలంటే

ఆర్‌ఎన్‌ఏ సీక్వెన్సింగ్‌కు శాంపిల్‌కు కోటి నుంచి రెండు కోట్ల రీడ్లు (యంత్రం చదివిన ముక్కలు) అల్బికన్స్‌కు సరిపోతాయి. జన్యువులు ఆరు వేల పైచిలుకే. డబ్బు మిగిలితే రీడ్లు పెంచకండి, రెప్లికేట్లు పెంచండి. రీడ్లను ఏ, బీ రెండు హ్యాప్లోటైపులూ (క్రోమోజోముల జంట ప్రతులు) ఉన్న జీనోమ్ మీద పరిచారంటే చాలా రీడ్లు రెండు చోట్లా సరిపోయి లెక్కలోంచి జారిపోతాయి. 'ఏ' అనే ఆ ఒక్క హ్యాప్లోటైప్ మీదే పరచండి.

ఫలితం రాగానే జన్యువుల జాబితా చదవడానికి కూర్చోకండి. ముందు క్రోమోజోమ్ వరుసలో ప్రతి జన్యువు మార్పునూ చుక్కగా పెట్టి బొమ్మ గీయండి. ఐదో క్రోమోజోమ్ ఎడమ భుజమంతా ఒకేసారి రెట్టింపు లేచి ఉంటే అది నియంత్రణ కాదు, కాపీల సంఖ్య. ఫ్లూకోనజోల్‌కు లొంగని అల్బికన్స్‌లో ఆ ఎడమ భుజమే రెండు వైపులా ఉన్న ఐసోక్రోమోజోమ్ కనిపిస్తుంది. ఈఆర్‌జీ11, టీఏసీ1 రెండూ ఆ భుజం మీదే ఉన్నాయి, రెండు కాపీలు నాలుగవుతాయి. ఒక క్రోమోజోమ్ మొత్తం ఒకటిన్నర రెట్లు లేస్తే మూడో కాపీ వచ్చిందన్నమాట. ఈ బొమ్మ గీయకుండా, ఆ భుజం మీది వందల జన్యువులను మందుకు జవాబుగా ప్రకటించే ప్రమాదం నిజంగా ఉంది.

ఫలితాన్ని చదవడం

మందు ఉన్నప్పుడే ఈఆర్‌జీ11 లేచి, మందు లేని జంట ఫ్లాస్కులో కిందే ఉంటే అది తాత్కాలిక జవాబు. మందు లేకున్నా ఈఆర్‌జీ జన్యువులన్నీ పైనే ఉంటే యూపీసీ2 సీక్వెన్స్ చేయించండి. సీడీఆర్1, సీడీఆర్2 రెండూ పైన ఉంటే టీఏసీ1. ఎండీఆర్1 ఒక్కటే అయితే ఎమ్‌ఆర్‌ఆర్1. ఏదీ మారకుండానే స్ట్రెయిన్ లొంగకపోతే ఈఆర్‌జీ11 ప్రోటీన్ ఆకారమే మారి ఉండొచ్చు. వై132ఎఫ్ (132వ చోట వై అనే అమినో ఆమ్లం బదులు ఎఫ్ రావడం), కే143ఆర్, జీ464ఎస్ లాంటి మార్పుల కోసం చూడండి.

అనుమానం మిగిలితే మందు కడిగి చూడండి. 3 గంటలు మందులో ఉన్న కణాలను మందు లేని మీడియంలో రెండుసార్లు కడిగి, కొత్త మీడియంలో మూడు నాలుగు తరాలు పెరగనిచ్చి మళ్ళీ కొలవండి. జవాబు అయితే దిగిపోతుంది, మ్యుటేషన్ అయితే దిగదు. ఖర్చు ఒక రోజు, అదనంగా రెండు శాంపిళ్ళు. వాదనలన్నీ ఇక్కడ తెగుతాయి.

వేరే శిలీంధ్రాలతో చేస్తే

క్యాండిడా ఆరిస్ కొన్ని స్ట్రెయిన్లు గుత్తులు కడతాయి, ఓడీ నమ్మకండి. అందులో సీడీఆర్1ను నడిపేవాటిలో టీఏసీ1బీ ముఖ్యమైనది. క్యాండిడా గ్లాబ్రాటాలో పంపుల పగ్గాలు పీడీఆర్1 చేతిలో ఉంటాయి. ఆస్పర్జిల్లస్ ఫ్యూమిగేటస్‌ను షేకర్‌లో పెంచి, మైసీలియాన్ని మిరాక్లాత్‌లో వడకట్టి, పిండి, ద్రవ నైట్రోజన్ పోస్తూ రోట్లో పొడి చేయాలి. పొడి కరిగిందంటే ఆ శాంపిల్ పోయినట్టే. దానిలో వెతకాల్సింది సీవైపీ51ఏ. ఆ జన్యువు ప్రమోటర్‌లో 34 బేసుల ముక్క రెండుసార్లు వచ్చి, దాంతోపాటు ఎల్98హెచ్ మార్పు ఉంటే మందు లేకుండానే అది ఎక్కువగా పలుకుతుంది. పొలాల్లో చల్లే అజోల్ మందులతో ముడిపడిన మార్పు ఇది. 2021లో కొవిడ్ రెండో దశలో మనల్ని భయపెట్టిన బ్లాక్ ఫంగస్, అంటే మ్యూకోరేల్స్, ఫ్లూకోనజోల్‌కు పుట్టుకతోనే లొంగదు. దానితో ఈ ప్రయోగం పెట్టి జన్యువులు లేచాయా అని చూడటంలో అర్థం లేదు. యాంఫోటెరిసిన్ బీ, పోసకొనజోల్‌తో పెట్టండి. మన దగ్గర ఇంటింటా మొండికేస్తున్న తామరలో కూడా ముందు చూడాల్సింది జన్యువు పలికే మోతాదు కాదు. టర్బినాఫిన్ పనిచేయకపోవడానికి స్క్వాలీన్ ఎపాక్సిడేజ్‌లో ఎఫ్397ఎల్, ఎల్393ఎఫ్ లాంటి మార్పులే ఎక్కువగా కారణం. అక్కడ ఆర్‌ఎన్‌ఏ తీసేముందు ఆ ఒక్క జన్యువు సీక్వెన్స్ చేయిస్తే చాలాసార్లు పని అయిపోతుంది.